గాలికి పడని ఇల్లు

జిద్దా ఇంటి రేకులు లేచిపోయే వేళకి ఉమాతే ఇంకా మేకల్ని లోపలికి తోలుతూనే ఉన్నాడు. వానలకి ముందు ఏటా వచ్చే గాలే అది. కాకపోతే ఈసారి లొగోన్ నది అవతలి ఒడ్డున ఎర్రటి దుమ్ము గోడలా లేచి, నీళ్లు దాటి ఊరి మీదికి నడిచి వచ్చింది. పొద్దు ఇంకా బారెడు ఉండగానే ఊరంతా మసక కమ్మింది. మొదట ఒక రేకు చివర పైకి లేచి టపటపా కొట్టుకుంది, తర్వాత కప్పు కప్పంతా వాసాలతో సహా లేచి వెల్లకిలా తిరిగి, పక్కవాళ్ల జొన్నగాదె మీద పడింది. ఆ వెనకే మరో ఇల్లు, దాని వెనక ఇంకొకటి.

ఊళ్లోవాళ్లు ఎవరూ చెప్పకుండానే ఒకే వైపు పరిగెత్తారు. పిల్లల్ని చంకనేసుకుని, కోళ్లని కాళ్లు పట్టుకుని, వంగి వంగి ఉమాతే ఇంటికి వచ్చారు. ఊళ్లో మిగిలిన గుమ్మటం అదొక్కటే. మట్టిని గంపంత మందాన మొదలుపెట్టి, పైకి పోయేకొద్దీ పలచన చేసుకుంటూ, గుడ్డు నిలబెట్టినట్టు మూడు నిలువుల ఎత్తున కట్టిన ఇల్లు. కింద సన్నగా, భుజాల దగ్గర వెడల్పుగా ఉండే ఆ గుమ్మంలోంచి ఒక్కొక్కళ్లూ పక్కకి తిరిగి లోపలికి దూరారు. ముప్పై మందికి పైనే పట్టారు. ఉమాతే పెళ్లాం కల్తూమి మధ్యలో నిలబడి, పెద్దవాళ్లని గోడ వారకి, పిల్లల్ని మంచం మీదికి సర్దింది.

ఆఖర్న జిద్దా వచ్చాడు. ఉమాతేకి మేనల్లుడు. రేకుల ఇల్లు కట్టినప్పటినుంచి మేనమామ ఇంటిని చీమలపుట్ట అని ఊరంతా నవ్వేట్టు పిలిచేవాడు. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో రేకు కింద ఉడికిపోయి, ఆ పుట్టలోకే వచ్చి చల్లగా నిద్రపోయేవాడు. అది వేరే సంగతి.

"పుట్టలోకి రావడానికి నామోషీ లేదా అల్లుడూ?" అంది కల్తూమి.

"తర్వాత తిట్టు అత్తా, ముందు జరుగు" అన్నాడు జిద్దా. లోపలున్నవాళ్లు ఆ భయంలోనూ నవ్వారు.

గాలి గంటసేపు కొట్టింది. గుమ్మటానికి అంచు లేదు, మూల లేదు, లేపడానికి చూరు లేదు. గాలి ఎక్కడ పట్టుకోవాలో తెలియక చుట్టూ తిరిగి పోయింది. లోపల మాత్రం కుండకి చెవి ఆనించినట్టు ఒక హోరు. ఉమాతే గోడకి వీపు ఆనించి కూర్చుని, ఆ హోరులో తన గోడ ఎక్కడైనా వణుకుతుందేమోనని వీపుతో వింటున్నాడు. వణకలేదు.

మర్నాడు చూస్తే ఆ పేటలో నలభై ఇళ్లకి కప్పు లేదు. కొన్నింటికి గోడలు కూడా లేవు. గుమ్మటానికి పడమటి వైపు జానెడు పూత రాలింది, అంతే. ఊరిపెద్ద లవాన్ చేతికర్ర ఊపుకుంటూ వచ్చి, గోడ మీద అరచేత్తో రెండుసార్లు కొట్టి తల ఊపాడు. లవాన్ తల ఊపడమంటే మాటలు కాదు. ఆ రోజు ఉమాతే రాలిన పూత చూసుకునే నెపంతో ఇంటి చుట్టూ కనీసం ఆరుసార్లు తిరిగాడు. గోడ మీద మెట్లలా ఉబ్బి ఉండే కణుపుల్ని తడిమాడు. కట్టేటప్పుడు వాటి మీద కాళ్లు పెట్టి ఎక్కాలి, వానొస్తే నీళ్లు వాటి మధ్యనుంచి దిగిపోవాలి. ఒక్కటీ విరగలేదు. అరవయ్యేళ్ల మనిషికి ఆ మాత్రం గర్వం ఉండకూడదా అంటే ఉండొచ్చు. దాన్ని దాచుకోవడం మాత్రం అతనికి చేతకాలేదు.

మూడో రోజు పడిన ఇళ్లు రాసుకోవడానికి లెక్కలమ్మాయి వచ్చింది. పేరు క్లారిస్. ముప్పయ్యేళ్లుంటాయి. పట్నంనుంచి మోటారుసైకిల్ వెనక కూర్చుని వచ్చింది, ముఖమంతా దుమ్ము. చేతిలో పలకలాంటి ఫోను. పడిపోయిన ఇళ్లవాళ్లందరికీ రోడ్డుకి అవతల మెరక మీద స్థలం, దాని కాగితం, పైకప్పుకి రేకులు ఇస్తారని లవాన్ ముందురోజే చాటింపు వేయించాడు. అందుకని ప్రతి ఇంటి ముందూ జనం తమ కష్టాన్ని పొందిగ్గా సర్దిపెట్టుకుని నిలబడ్డారు. క్లారిస్ ఓపిగ్గా అందరివీ రాసుకుంది, ఫోటోలు తీసింది.

ఉమాతే ఇంటి ముందు మాత్రం ఆగి, తలెత్తి శిఖరం దాకా చూసింది. గోడని తాకి, "ఎంత బాగుంది బాబా" అంది. ఒక ఫోటో తీసి పలక మీద ఏదో నొక్కింది. లోపల చూడమని ఉమాతే పిలిచాడు. మంచం మీద కొత్త చాప కూడా పరిచి పెట్టాడు. ఆమె వచ్చేదే, కానీ ఇంకా ముప్పై ఇళ్లున్నాయని లవాన్ తొందరపెట్టాడు. తప్పినవాళ్లుంటే గురువారం మళ్లీ వస్తానని చెప్పి ఆమె ముందుకి సాగింది.

తన ఇల్లు ఫోటో దిగిందని ఉమాతే సంబరపడ్డాడు. కల్తూమి పడలేదు. ఆమె మర్నాడు పొద్దున మేకల పాలు పిండుతూ అడిగింది.

"ఏమయ్యా, ఆగస్టులో కట్ట నిలుస్తుందా?"

ఊరికీ చెరువుకీ మధ్య ఉన్న మట్టికట్ట సంగతి అది. రెండేళ్లకిందట ఒకచోట కారి, గుమ్మటం మొదట్లో అయిదు రోజులు నీళ్లు నిలిచాయి. పేటలో ప్రతి ఒక్కరూ వచ్చి ఇసకమూటలు అడ్డం వేశారు. అయినా మోచేతి లోతున గోడ నానిపోయింది. దాన్ని చెక్కి, మళ్లీ మెత్తి, ఆరబెట్టేసరికి ఉమాతేకి ఎండాకాలమంతా పట్టింది. ఈ ఏడు కట్ట మీద పగుళ్లలో చెయ్యి పడుతోంది.

నిలవదేమోనని ఒప్పుకున్నాడు.

"అప్పుడు మూటలు మొయ్యడానికి ఎవరుంటారు? జిద్దా మెరక మీద. వాడి పెళ్లాం జారా మెరక మీద. లవాన్ కూడా మెరక మీదే. కింద నువ్వూ నేనూ, ఈ మేకలూ."

ఉమాతే మేక తాడు ముడి బిగించాడు.

"గాలికి నిలబడింది. ఊరందరూ చూశారు, బాగుంది. నీళ్లకి నిలబడుతుందా? అది చెప్పు."

నిలబడదని ఆమెకంటే అతనికే బాగా తెలుసు. గాలి పోయేది, నీళ్లు ఉండేవి. అడుసుతో కట్టినది ఏదైనా, ఎంత బాగా కట్టినా, నిలవనీళ్లలో మళ్లీ అడుసే అవుతుంది. కల్తూమి లేచి పాలు లోపల పెట్టి వచ్చి, అసలు సంగతి చెప్పింది. గురువారానికి ఈ ఇల్లు పడిపోయి ఉండాలి.

అతను రోజంతా కట్ట మీద పగుళ్లు చూస్తూ తిరిగాడు. సాయంత్రం మాత్రం ఒక్క అడ్డం చెప్పాడు. గుమ్మటం పెళ్లాం పేరున కడతారు. ఆమె పోయాకే ఆ ఇల్లు పడగొట్టేది. బతికున్న ఆడదాని ఇంటి మీద గునపం వెయ్యడం ఆమెని చంపుకోవడమే. ఏ మగవాడూ ఆ పని చెయ్యడు.

"దానికేముంది" అంది కల్తూమి. "ముందు నేను పోయాననుకుని ఏడ్చెయ్యండి. తర్వాత పడగొట్టండి."

సోమవారం పొద్దున ఆమె స్నానం చేసి, ఇంటికి వీపు పెట్టి చాప మీద కూర్చుని, నుదుటికి బూడిద రాసుకుంది. పేటలో ఆడవాళ్లని పిలిచింది. జిద్దా పెళ్లాం జారా అందరికంటే ముందొచ్చింది. మొదట ఎవరికీ ఏడుపు రాలేదు. చచ్చినామె వచ్చినవాళ్లని మంచినీళ్లు కావాలా అని అడుగుతుంటే ఎలా వస్తుంది? ఒకామె నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. జారా రాగం అందుకుని, కల్తూమి చేసిన చేపలపులుసు దగ్గరనుంచి ఆమె మంత్రసానితనం దాకా ఒక్కొక్కటే పేరు పెట్టి ఏడవడం మొదలుపెట్టింది. మంత్రసానితనం దగ్గరికి వచ్చేసరికి రాగం ఆపి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ కూర్చున్న ఆడవాళ్లలో సగంమంది బిడ్డల్ని ఈ లోకంలోకి తీసింది కల్తూమే. తర్వాత అందరూ నిజంగానే ఏడ్చారు. కల్తూమి తన చావు ఏడుపు తను విని, చాలని చెయ్యెత్తింది.

జిద్దా, ఇంకో ఇద్దరూ పారలతో వచ్చారు. గుమ్మం పక్కన మొదట్లో కొట్టడం మొదలుపెట్టారు. పార రాతికి తగిలినట్టు వెనక్కి ఎగిరింది. గడ్డి, పేడ కలిపి మూడు రోజులు నానబెట్టి తొక్కిన మట్టి, ముప్పయ్యేళ్లు ఎండింది. మధ్యాహ్నానికి ముగ్గురూ కలిసి పిల్లి దూరేంత కంత చేశారు. గుమ్మటం కదలలేదు.

"ఏం కట్టావు మావా, ఇది పడదు" అన్నాడు జిద్దా అరచేతుల్లో బొబ్బలు చూసుకుంటూ.

అప్పటిదాకా దూరంగా కూర్చున్న ఉమాతే లేచాడు. వాళ్ల చేతుల్లో పారలు తీసి పక్కన పడేశాడు. కలుపు తీసే చిన్న తొలిక ఒకటి నడుముకి దోపుకుని, కణుపు కణుపు మీద కాళ్లు పెట్టి శిఖరానికి ఎక్కాడు. కింద కొడితే అది పడదు, ఎంత కంత చేసినా మిగతాది మొయ్యడానికి ఆనుకుని నిలబడుతుంది. అలా నిలబడేట్టు కట్టినవాడికే అది తెలుసు. దాన్ని కట్టినదానికి తిరగేసి విప్పాలి, పైనుంచి కిందికి.

పైన పొగ పోయే రంధ్రం చుట్టూ ఉన్న చివరి వరస చేత్తోనే ఊడింది. అది వేలెడు మందం. దాని కింద వరస, దాని కింద వరస. మూరెడు ఎత్తున పెట్టి, అది ఆరాక మరో మూరెడు పెట్టిన గుర్తులు లోపలివైపు ఇంకా కనిపిస్తున్నాయి. అతను ఒక్కో పెళ్ల తీసి కిందికి వదులుతుంటే జిద్దా పక్కకి తప్పుకుని చూస్తున్నాడు. ఒకచోట కల్తూమి పాదం ముద్ర దొరికింది. పచ్చిమట్టి బుట్ట అందించడానికి ఎక్కినప్పుడు వేసిన అడుగు. ఆ పెళ్లని మాత్రం ఉమాతే కిందికి వదల్లేదు, పట్టుకుని దిగి గోడ వారన పెట్టాడు. తర్వాత అక్కడ పెట్టి ఏం లాభమని అదీ కుప్పలో వేశాడు. కట్టడానికి నాలుగు నెలలు పట్టిన ఇల్లు బుధవారం సాయంత్రానికి నడుమెత్తు మిగిలింది.

ఆ సాయంత్రమే లవాన్ పేటవాళ్లని కూడేసి చెప్పాడు. గాలికి లోపల్లోపల బీటలిచ్చి, ఆ అమ్మాయి వెళ్లాక పడిందనాలి, అందరూ ఒకే మాట. ఎవరూ కాదనలేదు. ఆ గాలిలో ఏ ఇంట్లో తలదాచుకుని బతికారో ఆ ఇల్లే ఆ గాలికి పడిపోయిందని చెప్పడానికి ముప్పై మందీ ఒప్పుకున్నారు. ఉమాతే మంచికే ఒప్పుకున్నారు, అందులో అబద్ధం లేదు. ఉమాతే మాత్రం ఆ మాట వింటూ తల దించుకుని గడ్డిపరక ముక్కలు చేశాడు. తన ఇల్లు గాలికి పడిందని ఊరిచేత చెప్పించుకోవడం అతనికి పార దెబ్బకంటే ఎక్కువ తగిలింది.

గురువారం క్లారిస్ వచ్చింది. తప్పినవాళ్లు నలుగురు తేలారు, రాసుకుంది. చివర్న లవాన్ ఆమెని గుమ్మటం దగ్గరికి తీసుకొచ్చాడు. ఆమె మట్టికుప్ప చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. అంచుల మీద తొలిక గాట్లు కొత్తగా మెరుస్తున్నాయి. అవి ఆమె చూసిందని అందరికీ తెలిసింది. అయినా ఆమె వాటి మీదనుంచి చూపు తిప్పేసింది. పలక తీసి వెతికింది.

"గాలికి పడిందమ్మా" అన్నాడు జిద్దా, ఎవరూ అడక్కుండానే.

క్లారిస్ పలక మీదనుంచి తలెత్తలేదు. "బాబా, నా దగ్గర ఇది గాదె అని ఉంది."

గాదె ఏమిటన్నాడు లవాన్. ముప్పయ్యేళ్లుగా మొగుడూ పెళ్లాం కాపురం చేసిన ఇల్లు. ఆమె పలక తిప్పి చూపించింది. ఇల్లని రాయాలంటే ఆ పలక పొడవెంత, వెడల్పెంత అని అడుగుతుంది. ఆ రెండూ నింపకపోతే ముందుకి పోదు. గుండ్రంగా ఉన్నదానికి అందులో ఉన్నది గాదె ఒక్కటే. ఆ రోజు ఎండలో, తొందరలో అదే నొక్కాననీ, ఎటూ పడలేదు గనక తేడా ఏముందిలే అనుకున్నాననీ చెప్పింది. పడిన గాదెకి స్థలం రాదు.

ఇప్పుడు మార్చమన్నాడు లవాన్.

"మార్చొచ్చు. లోపలి ఫోటో పెట్టాలి. మంచం, పొయ్యి, మనుషులు పడుకునే చోటు."

అందరూ మట్టికుప్ప వైపు చూశారు. దానికి ఇప్పుడు లోపల లేదు.

"ఆ రోజే లోపలికొచ్చి చూసుంటే?" అన్నాడు ఉమాతే. అతను నోరు విప్పడం అదే మొదలు.

క్లారిస్ పలక కిందికి దించింది. అబద్ధం చెప్పి తప్పించుకునే మనిషి కాదామె. "ఇల్లని రాసేదాన్ని బాబా. నిలబడిన ఇల్లని. నిలబడినవాటికీ స్థలం లేదు."

చాప చుట్ట మీద కూర్చున్న కల్తూమి అప్పుడు అడిగింది, కోపం లేకుండా, లెక్క సరిచూసుకుంటున్నట్టు.

"నిలబడితే ఇల్లు. పడితే గాదె. అంతేనా తల్లీ?"

"అంతేనమ్మా" అంది క్లారిస్. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆఫీసులో చెప్తానని రెండుసార్లు చెప్పి వెళ్లింది. చెప్పే ఉంటుంది. అక్కడినుంచి మాత్రం ఏ కబురూ రాలేదు.

మళ్లీ గుమ్మటం కట్టాలంటే నాలుగు నెలలు కావాలి, అంత వ్యవధి లేదు. వానలు రెండు వారాల్లో దిగుతాయి, తడిగాలిలో వరస ఆరదు, ఆరని వరస మీద వరస నిలబడదు. ఉమాతే, కల్తూమి కట్ట మీద నాలుగు కర్రలు పాతి, చాపలు కప్పి అందులోకి మారారు. మేకలు అమ్మేశారు. చాపల కింద మధ్యాహ్నం వేడికి కల్తూమి తడిగుడ్డ నెత్తి మీద వేసుకుని కూర్చునేది. ముప్పయ్యేళ్లలో ఆమెకి ఎండాకాలం అంటే ఏమిటో ఆ వారమే తెలిసింది.

పేటవాళ్లు మెరక మీద గోడలు మొదలుపెట్టారు. రేకులు ఇచ్చేవాళ్లు గోడలు లేచాకే ఇస్తారు, గోడలు ఎవరివి వాళ్లే కట్టుకోవాలి. అక్కడి మట్టి ఇసక. ముద్ద చేస్తే చేతిలోనే రాలిపోతుంది. మూడు రోజులు అవస్థపడ్డాక జిద్దా ఒక సాయంత్రం గాడిదబండి తోలుకుని కట్ట దగ్గరికి వచ్చాడు. మేనమామ బాగోగులడిగాడు, కట్ట పగుళ్ల సంగతి మాట్లాడాడు, వెళ్తానని లేచి మళ్లీ కూర్చున్నాడు.

"మట్టి కావాలా?" అంది కల్తూమి.

జిద్దా నేల వైపు చూశాడు.

"తీసుకెళ్లు. అక్కడుంటే వానకి కొట్టుకుపోయేదేగా. బాగా తొక్కిన మట్టి, మీకు సగం పని తప్పుతుంది."

జిద్దా తర్వాత జారా వాళ్ల అన్న వచ్చాడు. తర్వాత లవాన్ మనిషి వచ్చాడు. తట్టలతో, బండ్లతో, ఒకామె వంటగిన్నెతో. ఎవరూ అడక్కుండా తీసుకోలేదు, అడిగిన ఎవరికీ కల్తూమి లేదనలేదు. నాలుగు రోజుల్లో కుప్ప పోయింది. మిగిలిన నడుమెత్తు గోడ కూడా పోయింది. నేల మీద గుండ్రటి మరక మిగిలింది.

జిద్దాకి గోడ పెట్టడం సరిగా రాదు, ఊళ్లో ఎవరికీ రాదు. వాళ్లందరూ తాపీవాళ్లకి కూలి ఇచ్చి కట్టించుకున్న బాపతు. అందుకని ఒక పొద్దున ఉమాతే తనంత తనే మెరక ఎక్కి మేనల్లుడి స్థలంలోకి వచ్చాడు. వానల్లో మీరూ ఇక్కడే ఉందురుగాని అన్నాడు జిద్దా. అన్నాడు గాని, ఆ స్థలం కాగితంలో తొమ్మండుగురి పేర్లున్నాయి, పదో మనిషి రాత్రి ఉండకూడదని అదే కాగితంలో ఉంది. ఉమాతే వింటూ మట్టి తొక్కాడు. పాదాల కింద ఆ మట్టి అతనికి తెలుసు. గడ్డి ఎక్కడ తక్కువైందో కూడా తెలుస్తోంది.

జిద్దా నీళ్లకి వెళ్లి వచ్చేసరికి మొదటి వరస మూరెడు ఎత్తున లేచింది. చక్కటి వరస. చేత్తో నిమిరితే ఎక్కడా ఎత్తుపల్లం లేదు. జిద్దా బిందె దించి చూస్తూ నిలబడ్డాడు.

"మావా, ఇది వంగుతోంది."

ఉమాతే వెనక్కి జరిగి చూశాడు. నిజమే. గుమ్మం దగ్గర మొదలైన గోడ పది అడుగులు పోయాక మెల్లగా, ఎవరూ చెప్పకుండానే, లోపలికి తిరిగింది. అతని చేతులు ఎటు పోతే గోడ అటు పోయింది.

"ఒకటో తారీకు చూడ్డానికొస్తారు" అన్నాడు జిద్దా, సిగ్గుపడుతూ. "నాలుగు మూలలు కనపడకపోతే రేకులు ఇవ్వరు."

ఉమాతే వంగిన గోడని కాలితో పడదోసి, మట్టి పోగు చేసి, నీళ్లు చల్లి మళ్లీ తొక్కాడు. జిద్దా రెండు మేకులు పాతి తాడు కట్టాడు. ఒక చివర వదులైతే, మొగుడి వెనకే మెరక ఎక్కి వచ్చిన కల్తూమి పట్టుకుంది. తాడు వెంబడి ఉమాతే ముద్ద పక్కన ముద్ద పెట్టుకుంటూ వెళ్లాడు. చేతులు రెండు మూడుసార్లు లోపలికి లాగితే వెనక్కి తెచ్చుకున్నాడు. గోడ తిన్నగా పోయి పోయి తాడు చివరికి చేరింది. అక్కడ అతను ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. మేకు వైపు చూశాడు, దాని అవతల ఖాళీ నేల వైపు చూశాడు.

"ఇక్కడ ఎలా తిప్పుతార్రా?"

జిద్దా ముందు వేళాకోళం అనుకుని నవ్వబోయాడు. మేనమామ ముఖం చూసి మానేశాడు. వంగి, ఉమాతే చేతిలో ముద్ద తీసుకుని, గోడ చివర అడ్డంగా పెట్టి అరచేత్తో నొక్కాడు. దాని పక్కన ఇంకొకటి పెట్టాడు.

"ఇలా మావా."

ఉమాతే మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు దగ్గర పెట్టి చూశాడు.

"ఇంకోసారి చూపించు" అన్నాడు.